రాకపోవడం వేరు, పనికిరాకపోవడం వేరు

ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లల్ని మొదటి సెమిస్టర్ గడిచాక కదిలించి చూడండి. చాలామంది నోట ముందుగా వచ్చేది "నాకు కోడింగ్ రావట్లేదు" అన్న మాట. ఇంటర్‌లో 970 మార్కులు తెచ్చుకుని, ఎప్‌సెట్ ర్యాంకుతో అందరూ ఎగబడే బ్రాంచి పట్టుకున్న అమ్మాయి కూడా అదే అంటుంది. మూడో ఏడాదికి ఆ మాట "నేను దీనికి పనికిరాను" అవుతుంది. ప్లేస్‌మెంట్ల కాలం వచ్చేసరికి అందులోంచి "దీనికి" కూడా జారిపోతుంది.

మొదటి మాట ఒక స్థితిని చెబుతోంది. అది నిజమే కావచ్చు. రెండోది ఆ స్థితి మీద తనకు తాను వేసుకున్న తీర్పు. ఒకదాంట్లోంచి ఇంకొకటి రావడం సహజమే అన్నట్టు మనం విని ఊరుకుంటాం. అసలు ఆ తీర్పు ఎలా పుడుతోంది, దానికి ఆధారం ఎంత, దాన్ని మార్చడానికి ఎక్కడెక్కడ ఏం చేసి చూశారు, అందులో ఏది నిలబడింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ఈ సందేహంలో పెద్ద వంతు తప్పుడు కొలబద్దతో కొలుచుకోవడం వల్ల వస్తున్నదే. కొలబద్దను మార్చిన చోట అది తగ్గింది. ధైర్యం చెప్పి పంపిన చోట అంతగా తగ్గలేదు.

ఎంతమందికి ఉంది?

ఈ చర్చకు మూలం 1978 నాటిది. అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ నిపుణులు చదువులో, ఉద్యోగంలో బాగా రాణించిన 150 మందికి పైగా స్త్రీలను గమనించారు. పట్టాలు, పదవులు, మెప్పులు అన్నీ ఉన్నా, తమకు అర్హత లేదనీ ఏదో ఒక రోజు బయటపడిపోతామనీ వాళ్లు లోలోపల భయపడుతున్నారు. ఈ స్థితినే ఇవాళ అందరూ ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నారు. దాన్ని కొలవడానికి క్లాన్స్ 1985లో 20 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. నేటికీ ఎక్కువ వాడుకలో ఉన్నది అదే.

కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల విషయానికి వస్తే, 2020లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 200 మందికి పైగా విద్యార్థులకు ఈ ప్రశ్నావళి ఇచ్చారు. 57 శాతం మందిలో ఈ భావన తరచుగా కనిపించింది. అమ్మాయిల్లో అది 71 శాతం, అబ్బాయిల్లో 52 శాతం. అంటే తరగతిలో ధీమాగా కూర్చున్న అబ్బాయిల్లోనూ సగానికి సగం మంది లోపల ఇదే లెక్క వేసుకుంటున్నారు. ఎవరూ పైకి అనరు కాబట్టి ఎవరికి వారు తామొక్కరమే అనుకుంటారు.

అయితే ఈ అంకెల్ని పట్టుకుని మరీ దూరం వెళ్లకూడదు. అదే ఏడాది 14,000 మందికి పైగా పాల్గొన్న 62 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. ఈ భావన ఉన్నవాళ్లు ఒక అధ్యయనంలో 9 శాతమైతే మరోదాంట్లో 82 శాతం. ఏ ప్రశ్నావళి వాడారు, ఎక్కడ గీత గీశారు అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతోంది. ఇంకా ముఖ్యమైన సంగతి, దీనికి ఫలానా చికిత్స పనిచేస్తుందని పరీక్షించి చూపిన అధ్యయనం ఆ సమీక్షకు ఒక్కటీ దొరకలేదు. రెండు గంటల్లో ఆత్మవిశ్వాసం నింపుతామనే వర్క్‌షాపుల వెనక ఉన్న బలం అంతే. 2021లో రుచికా తుల్షియాన్, జోడీ-ఆన్ బ్యూరీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఇంకో అడుగు ముందుకేసి, మనిషిలో లోపం వెతికే ముందు ఆ మనిషి ఉన్న చోటు ఎలా ఉందో చూడమని వాదించారు. వాళ్లు రాసింది ఉద్యోగాల్లోని స్త్రీల గురించి. తరగతి గదికీ ఆ మాట వర్తిస్తుంది.

తప్పును తప్పుగా చదవడం

ఒక పని చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు దారులు చెప్పారు. స్వయంగా చేసి గెలిచిన అనుభవం, తనలాంటివాళ్లు చేయడం చూడటం, నమ్మదగినవాళ్లు చెప్పే మాట, ఆ సమయంలో తన ఒంటికీ మనసుకీ ఉన్న స్థితి. నాలుగింటిలో బలమైనది మొదటిదే. ప్రోగ్రామింగ్‌లో దెబ్బతినేదీ మొదటిదే.

ఇంటర్ రెండేళ్లూ మన పిల్లలు నేర్చుకునే పద్ధతిని గుర్తుచేసుకోండి. ఫార్ములా, మోడల్ లెక్క, దానిలాంటి ఇరవై లెక్కలు, వీకెండ్ టెస్టు, ర్యాంకు. ఏ ప్రశ్నకైనా జవాబు ఉంటుంది, దానికి దగ్గరి దారీ ఉంటుంది. ఎన్ని తప్పులుంటే అంత వెనకబడినట్టు. ఆ అలవాటుతో ల్యాబ్‌లో కూర్చుని సీ ప్రోగ్రాం రాస్తే, ఎక్కడో ఒక బ్రాకెట్ మరిచిపోయినందుకు తెరంతా ఎర్రర్లు. వాటిని జవాబు పత్రం మీది ఎర్రసిరా గీతల్లాగే చదువుతారు. నిజానికి ప్రోగ్రామింగ్‌లో రోజూ ఉండేవి ఆ ఎర్రర్లే.

2020లో జేమీ గోర్సన్, ఎలినార్ ఓ'రూర్క్ మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు చదివే విద్యార్థులు ఏయే క్షణాల్లో తమని తాము తక్కువ చేసుకుంటున్నారో అడిగి తెలుసుకున్నారు. వాటిలో కొన్ని ఇవి: సింటాక్స్ ఎర్రర్ రావడం, గుర్తులేనిది వెతికి చూసుకోవడం, రాయడం ఆపి ఆలోచించాల్సి రావడం. అనుభవమున్న ప్రోగ్రామర్లు ఇవన్నీ ప్రతిరోజూ చేస్తారు. వృత్తిలో పనికి గుర్తులైనవాటిని విద్యార్థి తన అసమర్థతకు గుర్తులుగా లెక్కవేసుకుంటున్నాడు. కొలబద్ద తప్పు అన్నది ఇందుకే.

ఈ రంగం చరిత్ర తెలిస్తే ఆ లెక్క తిరగబడుతుంది. కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌సాక్ కంప్యూటర్ కట్టిన మారిస్ విల్క్స్ 1949 నాటి రోజుల గురించి తన ఆత్మకథలో రాసుకున్నారు. తన మిగిలిన జీవితంలో మంచి భాగం తన ప్రోగ్రాముల్లో తానే చేసిన తప్పులు వెతుక్కోవడంతోనే గడిచిపోతుందని అప్పుడే ఆయనకు అర్థమైందట. రెండో సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థీ రాసే బైనరీ సెర్చ్ (వరుసలో ఉన్న జాబితాను సగాలుగా తగ్గిస్తూ వెతికే పద్ధతి) సంగతి ఇంకా చిత్రం. అది మొదట అచ్చయింది 1946లో. ఎన్ని అంశాలకైనా సరిగ్గా పనిచేసే రూపం రావడానికి 1962 దాకా పట్టిందని కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ క్నూత్ నమోదు చేశారు. తర్వాత జాన్ బెంట్లీ తన శిక్షణ తరగతుల్లో వృత్తి ప్రోగ్రామర్లకు రెండు గంటల సమయమిచ్చి దాన్నే రాయమంటే, పదిమందిలో తొమ్మిదిమంది రాసినదాంట్లో తప్పులు దొరికాయి. ఆ బెంట్లీ పుస్తకంలోని రూపాన్ని అనుసరించి రాసిన జావా లైబ్రరీ కోడ్‌లోనూ ఒక తప్పు ఏళ్ల తరబడి దాగి ఉంది. రెండు పెద్ద సంఖ్యలు కూడినప్పుడు మొత్తం హద్దు దాటిపోయే తప్పు అది. 2006లో దాన్ని బయటపెట్టింది ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే. ఇక క్నూత్ తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకు 2.56 డాలర్ల బహుమతి ప్రకటించి దశాబ్దాలుగా మాట నిలుపుకుంటున్నారు.

ఈ కథలు మొదటి వారంలో చెప్పే కాలేజీలు ఎన్ని? సిలబస్‌లో బైనరీ సెర్చ్ ఉంది. దాని వెనకున్న పదహారేళ్లు లేవు. అచ్చులో ఉన్న నున్నటి రూపం మాత్రమే చూసిన విద్యార్థి, తన చేతిలో అది మూడుసార్లు విరిగేసరికి లోపం తనలోనే ఉందనుకుంటే ఆశ్చర్యమేముంది?

ముందు స్టాపులో ఎక్కినవాళ్లు

రెండో కారణం పక్క బెంచీ. సీబీఎస్ఈ ప్లస్ టూలో పైథాన్ చదివి వచ్చినవాడూ, ఇంట్లో ల్యాప్‌టాప్‌తో ఎనిమిదో తరగతి నుంచి ఆడుకున్నవాడూ, కాలేజీలో చేరాకే మొదటిసారి కీబోర్డు మీద వేలుపెట్టిన పల్లెటూరి పిల్లా ఒకే సెక్షన్‌లో ఉంటారు. తెలుగు రాష్ట్రాల ఇంటర్ ఎంపీసీలో చాలా ఏళ్లుగా కంప్యూటర్ సైన్స్ పాఠ్యాంశంగా లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఎర్రర్ మెసేజీల ఇంగ్లీషే ఇంకో చిక్కు. లెక్చరర్ అడగ్గానే చేతులెత్తే నలుగురిని చూసి మిగతా యాభైమంది తామే మందమతులం అనుకుంటారు. బస్సులో ముందు స్టాపులో ఎక్కినవాడికి సీటు దొరికితే అది వాడి ప్రతిభ అని ఎవరూ అనుకోరు. తరగతిలో మాత్రం అలాగే అనుకుంటున్నాం.

దీని మీద అన్నిటికన్నా లోతైన పరిశీలన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. 1995 నుంచి నాలుగేళ్లపాటు జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్ వందమందికి పైగా కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో పదేపదే మాట్లాడారు. అమ్మాయిలు ఆసక్తి లేక మానేస్తున్నారన్నది అప్పటిదాకా చలామణిలో ఉన్న వివరణ. వీళ్లు కనిపెట్టింది వేరు. ముందు నమ్మకం సన్నగిల్లుతోంది, ఆ తర్వాతే ఆసక్తి పోతోంది. చిన్ననాటి నుంచి కంప్యూటరే లోకంగా బతికిన అబ్బాయిని ఆదర్శ విద్యార్థిగా అందరూ ఒప్పేసుకోవడంతో, అలా పెరగనివాళ్లు తమకిక్కడ చోటు లేదనుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికిచ్చే బరువు తగ్గించింది. మొదటి ఏడాదిలో అనుభవాన్ని బట్టి వేర్వేరు మెట్ల దగ్గర మొదలుపెట్టే కోర్సులు తెచ్చింది. చేరేవాళ్లలో అమ్మాయిల వాటా 1995లో 7 శాతం ఉండగా 2000 నాటికి 42 శాతానికి చేరింది. ఆ కాలంలో ఎక్కువ భాగం, 1991 నుంచి 1999 దాకా, అక్కడి స్కూల్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్‌కు డీన్‌గా ఉన్నది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆయన మద్రాసు గిండీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. కంప్యూటర్ ఆయనకు దొరికింది ఆ తర్వాతే, ఆస్ట్రేలియాలో. ముందు స్టాపులో ఎక్కినవాడు కాదన్నమాట.

కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ కూడా ఇదే దారిలో వెళ్లింది. తొలి కోర్సును జావా నుంచి పైథాన్‌కు మార్చి, అనుభవం ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ వేర్వేరు సెక్షన్లలో కూర్చోబెట్టింది. తరగతిలో తన తెలివి ప్రదర్శించే విద్యార్థిని ప్రొఫెసర్ విడిగా పిలిచి, ఆ చర్చ మనిద్దరం తర్వాత చేద్దామని మెచ్చుకుంటూనే సర్దిచెప్పేవారు. కంప్యూటర్ సైన్స్ తీసుకునే అమ్మాయిలు కొన్నేళ్లలోనే పదోవంతు నుంచి దాదాపు నలభై శాతానికి పెరిగారు. 2006లో ఆ కాలేజీ అధ్యక్షురాలైన మరియా క్లావే, తనకూ ఈ సందేహపు పీడ ఎన్నడూ వదల్లేదని బహిరంగంగా చెబుతూ వచ్చారు. ఈ రెండు చోట్లా విద్యార్థుల మనసుకు మరమ్మతు చేయలేదు. మొదటి ఏడాదికి చేశారు.

పుట్టుకతో రావాలా?

మూడో కారణం ఒక నమ్మకం. కోడింగ్ కొందరికి పుట్టుకతో వస్తుంది, మిగతావాళ్లు ఎంత కొట్టుకున్నా రాదు అన్నది. విద్యార్థులే కాదు, పాఠం చెప్పేవాళ్లూ దీన్ని నమ్ముతారు. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సులో తప్పేవాళ్లు ఎక్కువే. 2007లో వివిధ దేశాల విశ్వవిద్యాలయాల నుంచి సేకరించిన లెక్క ప్రకారం సుమారు మూడోవంతు. 2019లో మళ్లీ చూస్తే 28 శాతం. దీనికి సులువైన వివరణగా 2006లో ఇంగ్లండ్ నుంచి ఒక పత్రం ప్రచారంలోకి వచ్చింది. రెండు మూపురాల ఒంటెలా తరగతి రెండుగా చీలి ఉంటుందనీ, ఎవరు ఏ వైపో కోర్సుకు ముందే ఒక పరీక్షతో తేల్చవచ్చనీ సయీద్ దెహ్నాది, రిచర్డ్ బోర్నాట్ అందులో అన్నారు. అది ఎక్కడికో పాకింది. 2014లో బోర్నాట్ స్వయంగా ఆ వాదనను వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త మాత్రం అంత దూరం పాకలేదు.

2016లో ఎలిజబెత్ పటీత్సాస్, ఆమె సహచరులు ఒక పెద్ద విశ్వవిద్యాలయంలోని 778 కోర్సు ఫలితాల పట్టికలు పరీక్షించారు. రెండుగా చీలినట్టు కనిపించినవి 5.8 శాతమే. మిగతావాటిలో చాలావరకు మామూలుగానే ఉన్నాయి. ఆపైన అధ్యాపకులకు కొన్ని గ్రాఫులు చూపి అడిగితే, ప్రతిభ పుట్టుకతోనే వస్తుందని నమ్మేవాళ్లకు చీలిక లేనిచోట కూడా చీలిక ఎక్కువగా కనిపించింది. సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ తదితరులు 2015లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం దీనికి తోడు. ఏ రంగంలో రాణించాలంటే సహజ మేధ ఉండి తీరాలని ఆ రంగంవాళ్లు ఎంత గట్టిగా నమ్మితే, అక్కడ స్త్రీలు అంత తక్కువగా ఉన్నారు. పాఠం చెప్పేవాడి నమ్మకం వినేవాడి సందేహంగా మారుతుంది. "ఇది కూడా రాదా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఏది పనిచేసింది, ఎంత పనిచేసింది

మేధ పెరుగుతుందన్న కారల్ డ్వెక్ సిద్ధాంతం మన కాలేజీల గోడల మీద పోస్టర్లుగానూ చేరింది. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ సంగతిని తక్కువ సమయంలో నేర్పే పాఠాలిచ్చారు. వెనకబడినవాళ్ల సగటు నాలుగు పాయింట్ల స్కేలు మీద 0.1 పెరిగింది. ఉపయోగమే, కానీ అద్భుతం ఏమీ లేదు. చుట్టూ ఉన్న పిల్లల తీరు కలిసొచ్చిన బడుల్లోనే అది బాగా పట్టింది.

గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో మరో ప్రయోగం ప్రచురించారు. ఇక్కడ నాకు చోటుందా అన్న బెంగ మొదటి ఏడాది అందరికీ ఉంటుందనీ, మెల్లగా తగ్గుతుందనీ సీనియర్లు చెప్పిన అనుభవాలను కొత్త విద్యార్థులతో చదివించారు. గంట పని. ఆ తర్వాతి మూడేళ్లలో నల్లజాతి విద్యార్థులకూ తెల్లవాళ్లకూ మధ్య ఉన్న మార్కుల తేడా సగానికి తగ్గింది. 2023లో 22 విద్యాసంస్థల్లో దాదాపు 27,000 మంది మీద దాన్నే మళ్లీ చేస్తే మొదటి ఏడాది పూర్తిచేసేవాళ్లు పెరిగారు, అదీ ఆ విద్యార్థులకు నిజంగా చోటిచ్చిన కాలేజీల్లోనే. సీనియర్ మాట నిజం కావడానికి కాలేజీ కూడా సాయపడాలి.

వీటికన్నా గట్టి ఫలితాలు పాఠం చెప్పే తీరు మార్చినప్పుడు వచ్చాయి. శాన్ డియాగోలో లియో పోర్టర్ బృందం పదేళ్ల ఫలితాలు తిరగేసింది. లెక్చర్ మధ్యలో ప్రశ్న వేసి, పక్కవాళ్లతో చర్చించాక మళ్లీ జవాబు చెప్పించే పద్ధతిలో తప్పేవాళ్లు 20 శాతం నుంచి 7 శాతానికి తగ్గారు. శాంటాక్రూజ్‌లో, నార్త్ కరోలినాలో ఇద్దరేసి విద్యార్థుల్ని ఒకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కోడ్ రాయించి చూశారు. కోర్సు పూర్తిచేసేవాళ్లు పెరిగారు, తాము రాసినదాని మీద వాళ్లకు నమ్మకమూ పెరిగింది. పక్కవాడికి కూడా రావట్లేదని కళ్లారా చూడటం కన్నా మంచి మందు ఏముంటుంది?

మన తరగతి గదుల సంగతి

తెలంగాణలో కన్వీనర్ కోటా సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలవే. ఆంధ్రలో పరిస్థితి పెద్ద తేడాగా లేదు. ఇంతమంది ఒకే గుమ్మంలోంచి వస్తున్నప్పుడు పోలిక ఇంటి దాకా వెంటాడుతుంది. పెద్దనాన్న కొడుక్కి ప్యాకేజీ ఎంత, మీ వాడికి ఎంత? కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ మీద అతి పెద్ద ప్యాకేజీ వచ్చిన ముగ్గురి ఫోటోలు ఉంటాయి. మధ్యలో ఉన్న మూడు వందల మంది ఎలా స్థిరపడ్డారో ఎక్కడా ఉండదు. బందూరా చెప్పిన రెండో దారి, తనలాంటివాళ్లు చేయడం చూడటం, అక్కడే మూసుకుపోతోంది.

ల్యాబుల పరిస్థితి ఇంకా చెప్పుకోవాలి. రికార్డులో ప్రోగ్రాం సీనియర్ది దింపి, అవుట్‌పుట్ అతికించి, వైవాలో నాలుగు బట్టీ ప్రశ్నలకు జవాబు చెబితే మార్కులు వస్తాయి. అలా గడిచిన విద్యార్థికి తనకు రాదన్న అనుమానం ఉంటే అది నిజమైన అనుమానమే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు దశాబ్దాలుగా నిండుతున్నది ఆ ఖాళీ వల్లే. ఎంఎస్‌కి అమెరికా వెళ్లినవాళ్లకు అదే ఖాళీ మొదటి అసైన్‌మెంట్‌లో ఎదురవుతుంది. అక్కడ ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ ఉండేదే అడగడానికని తెలిసినా, ఇక్కడ అడగని అలవాటు అక్కడా నోరు కట్టేస్తుంది.

వేరే దారీ మన దగ్గరే ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఆర్జీయూకేటీ క్యాంపస్‌లు పదో తరగతి తర్వాత పల్లె పిల్లల్ని ఆరేళ్ల కోర్సులోకి తీసుకున్నాయి. సర్కారు బడి పిల్లలకు ప్రవేశంలో అదనపు పాయింట్లిచ్చాయి. తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డే. సౌకర్యాల విషయంలో విమర్శలున్నాయి. అయినా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు ఎక్కువ సమయం ఇవ్వాలన్న ఆలోచన సరైనదే.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక సందేహానికి కొత్త ముఖం వచ్చింది. నేను రోజంతా కొట్టుకున్నది అది పది సెకన్లలో రాస్తే నేనెందుకు? ఉద్యోగాల మీద దాని ప్రభావం వేరే చర్చ. చదువుకునే వయసులో మాత్రం ఒక నష్టం స్పష్టం. జవాబు అది రాస్తే, గెలిచిన అనుభవం విద్యార్థికి దక్కదు. అసైన్‌మెంట్ పూర్తవుతుంది, నమ్మకం పెరగదు. ముందు సొంతంగా ప్రయత్నించి, విరిగిన చోట ఎందుకు విరిగిందో దాన్ని అడగడం ఒక పద్ధతి. మొత్తం రాయించుకోవడం ఇంకో పద్ధతి. రెండూ ఒకే పరికరంతో చేసినా మిగిలేది ఒకటి కాదు.

విద్యార్థి చేతిలో ఉన్నది

కాలేజీ మారేదాకా విద్యార్థి ఆగలేడు. అతను చేయగలిగిన మొదటి పని, సందేహానికి అధ్యాయం పేరు పెట్టడం. "నాకు రికర్షన్‌లో ఆగే షరతు ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు" అంటే దానికి పరిష్కారం ఉంది, రెండు సాయంత్రాల పని. "నాకు రాదు" అన్నదానికి పరిష్కారం లేదు. పేరు పెట్టగలిగిన సందేహాన్ని గౌరవించాలి, అది చదవాల్సింది చూపిస్తోంది. పేరు లేనిదాన్ని నమ్మక్కర్లేదు.

రెండోది, పోలిక తన పాత కోడ్‌తో పెట్టుకోవడం. మూడు నెలల కిందటి ప్రోగ్రాం తెరిస్తే ఎక్కడ మెరుగుపడ్డామో కంటికి కనిపిస్తుంది. కోడింగ్ లెక్కల సైట్ లీట్‌కోడ్‌లో పక్కవాడి స్కోరు ఆ సంగతి చెప్పలేదు. మూడోది, ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని రాయడం. ఎర్రర్ వచ్చినప్పుడు ఎవరు ఏం వెతుకుతున్నారో చూడటం కూడా చదువే. నాలుగోది నిజాయితీ. ప్రయత్నించి చూశాక కూడా ఈ పని నచ్చకపోతే దారి మార్చుకోవడం ఓటమి కాదు. అయితే నచ్చకపోవడం, భయపడటం ఒకటే అనుకుని వదిలేయకూడదు. కార్నెగీ మెలన్ అమ్మాయిల్లో ముందు పోయింది నమ్మకం.

సందేహం నిద్రనూ తిండినీ మింగేస్తుంటే, బతకాలనిపించకపోతే, అది చదువు సమస్య దాటిపోయినట్టే. అప్పుడు ఇంట్లో ఒకరికి చెప్పాలి, వైద్యుడిని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక కాలేజీల వంతు. అనుభవాన్ని బట్టి మొదటి సెమిస్టర్ సెక్షన్లు విడదీయడానికి కొత్త భవనం అక్కర్లేదు. లెక్చరర్ బోర్డు మీద తన ప్రోగ్రాం తానే తప్పు రాసి, పిల్లల ముందే దిద్దుకోవడానికి నిధులు అక్కర్లేదు. రికార్డు దింపుడు మానిపించి జంటగా రాయించడానికి విశ్వవిద్యాలయం అనుమతీ పెద్ద అడ్డు కాదు. ప్రేరణ ప్రసంగానికి వక్తను పిలిచే ఖర్చుకన్నా ఇవన్నీ చవక. పనిచేస్తాయన్న సాక్ష్యం కూడా వీటికే ఎక్కువ ఉంది.